కబాడీకి పోని ఇనుము: తోలు కుట్టే పాత మిషన్ల తారీఖ్

మన ఇళ్లలో "మిషన్" అంటే కుట్టు మిషనే. "మీవాడు ఏం చేస్తున్నాడు?" అని ఎవరైనా అడిగితే "మిషన్ కుడుతున్నాడు" అంటాం. దునియాలో ఇన్ని యంత్రాలుంటే ఆ మాట దీనికే ఎందుకు దక్కింది? ఒక చిన్న గది, ఒక మనిషి, ఒక మిషన్ ఉంటే చాలు, ఒక ఖాందాన్‌కి రోజీ నడిచేది కాబట్టి.

దర్జీల మిషన్ అందరికీ తెలుసు. దానికో పెద్దన్న ఉన్నాడు: బూట్లు, సంచులు, బెల్టులు, గుర్రపు జీన్లు కుట్టే మిషన్. బరువెక్కువ, చప్పుడెక్కువ, ఉమ్ర్ కూడా ఎక్కువే. కొత్తది కొనే తాకత్ మన కారీగర్లలో చాలామందికి ఎప్పుడూ లేదు. వాడినదే కొన్నారు, బాగు చేయించుకున్నారు, కొడుకులకిచ్చి పోయారు. అందుకే ఈ మిషన్ల తారీఖ్‌ని తయారుచేసిన కంపెనీల వైపు నుంచి మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. మిగతా సగం మరమ్మత్ చేసిన చేతులది.

చమ్డా మాఫ్ చేయదు

ముందు తోలు స్వభావం తెలియాలి. బట్టలో సూది దిగితే దారాలు పక్కకు జరుగుతాయి, సూది తీస్తే మళ్లీ దగ్గరకొస్తాయి. తప్పు కుట్టు విప్పి మళ్లీ కుట్టొచ్చు. తోలులో పడిన చిల్లు మాత్రం అలాగే ఉండిపోతుంది. కుట్టు దాటేసినా, వరస తప్పినా, ఆ ముక్క పాడైనట్టే. మిషన్ కింద పళ్లు గట్టిగా పట్టుకుంటే వాటి మచ్చ కూడా తోలు మీద మిగిలిపోతుంది.

అందుకే చేత్తో కుట్టే మోచీ ముందు సుతారీతో చిల్లు పొడుస్తాడు. తెలుగులో దాన్నే ఆరె అంటారు. తర్వాత మైనం రుద్దిన దారాన్ని రెండు సూదులతో, ఆ ఒక్క చిల్లులోంచి అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి దూర్చి లాగుతాడు. ఇందులో ఒక దారం తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. జీన్‌సాజ్‌లు కుట్టే కుట్టు ఇదే. దాని మజ్బూతీకి మిషన్ కుట్టు ఇప్పటికీ సాటిరాదు. కానీ ఆ పనికి వక్త్ కావాలి, కళ్లు కావాలి, వేళ్లలో బలం కావాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కుట్టు మిషన్ అనే ఖయాల్ కాగితం మీదకి ఎక్కిందే తోలు కోసం. 1790లో లండన్‌లో థామస్ సెయింట్ అనే వడ్రంగి ఒక పేటెంట్ తీసుకున్నాడు. అతని నమూనాలో ముందు ఒక సుతారీ దిగి చిల్లు పొడుస్తుంది, వెనకే సూది వచ్చి దారాన్ని అందులోకి తోస్తుంది. అంటే మోచీ చేతుల పనినే ఇనుముతో చేయించాలని చూశాడు. ఆ పేటెంట్‌లో జిగురు, వార్నిష్, బూట్ల తయారీ సంగతులన్నీ కలిపి రాసి ఉండటంతో, కుట్టు మిషన్ సంగతి దస్తావేజుల కట్టల్లో మరుగున పడిపోయింది. 1870ల్లో న్యూటన్ విల్సన్ అనే మిషన్ల తయారీదారు బయటికి తీసేదాకా ఎవరూ పట్టించుకోలేదు.

భయం, మూకలు, యుద్ధం

ఫ్రాన్స్‌లో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ 1830లో తన మిషన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. పారిస్‌లో ఫౌజీ దుస్తులు కుట్టే కార్ఖానాలో ఆ మిషన్లు పెట్టారు. 1831లో దర్జీలు గుంపుగా వచ్చి వాటిని విరగ్గొట్టారు. వాళ్లని జాహిల్ అనడం తేలిక. చేతిలో ఉన్న ఒకే హునర్‌ని ఇనుము లాక్కుంటుందంటే ఎవరికైనా ఖౌఫ్ పుడుతుంది.

1846లో అమెరికాలో ఎలియాస్ హోవ్, పై దారం, కింది దారం ముడిపడే కుట్టుకి పేటెంట్ పొందాడు. 1851లో ఐజక్ సింగర్ తన మిషన్‌కి పొందాడు. ఆ తర్వాత పేటెంట్ల మీద కోర్టుల్లో ముకద్దమాలు నడిచాయి. 1856లో పెద్ద కంపెనీలు రాజీపడి పేటెంట్లన్నీ ఒక చోట కలుపుకున్నాయి.

బూట్ల పనిలో ఇన్‌కిలాబ్ తెచ్చింది ఇంకో మనిషి. 1858లో లైమన్ బ్లేక్ బూటు పైభాగాన్ని అట్టకి కుట్టే మిషన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. గోర్డన్ మెకే అనే వ్యాపారి దాన్ని కొని మెరుగుపరిచాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం బూట్లు అలాంటి మిషన్ల మీదే కుట్టించారు. అటు జర్మనీలో, కైజర్స్‌లాటర్న్ ఊళ్లో ఇత్తడి వాద్యాలు చేసే గియోర్గ్ ప్ఫాఫ్ 1862లో తన మొదటి మిషన్‌ని చేత్తో తయారుచేశాడు. అది కూడా బూట్ల తోలు కుట్టడానికే.

కంపెనీ ఎందుకు పాత మిషన్లు విరగ్గొట్టింది

సింగర్ కంపెనీలో అసలు తెలివి భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్‌ది. 1856లో అతను రెండు పనులు మొదలుపెట్టాడు. ఒకటి, కిస్తుల మీద అమ్మడం: కొంచెం డబ్బు ముందు, మిగతాది నెల నెలా. కిస్తు తప్పితే మిషన్ వెనక్కి తీసుకుపోతారు. రెండోది, పాత మిషన్ తెచ్చిస్తే కొత్తదాని మీద 50 డాలర్ల రియాయత్. ఏ కంపెనీదైనా సరే, ఎంత పాడైనా సరే.

అలా వచ్చిన పాత మిషన్లని ఏం చేశారు? బాగుచేసి అమ్మలేదు. విరగ్గొట్టారు. సెకండ్ హ్యాండ్ బజారే పుట్టకూడదని కంపెనీ ఇరాదా. ఎందుకంటే మంచి పాత మిషన్‌కి మించిన దుష్మన్ కొత్త మిషన్‌కి లేదు. సరిగ్గా నూనె వేస్తే ఆ పోత ఇనుము మూడు తరాలు పనిచేస్తుంది, మూడు తరాలు పనిచేస్తే కంపెనీకి అమ్మకాల్లేవు.

ఆ హికమత్ న్యూయార్క్‌లో ఎంత నడిచిందో గానీ మన బజార్లలో నడవలేదు. ఇక్కడ ఏ ఇనుమూ ఊరికే విరగలేదు. కిస్తుల లెక్క, బకాయీ భయం, సూద్ ముచ్చట వద్దనుకున్న మనిషి నగదు పెట్టి పాతది కొన్నాడు. కాళ్లు విరిగిన మిషన్‌కి బల్ల కాళ్లు పెట్టాడు. చక్రం పగిలితే పోత పోయించుకున్నాడు. కంపెనీ చంపాలనుకున్న బజారుని మన గల్లీలు బతికించాయి.

క్లైడ్‌బ్యాంక్ నుంచి ఫుట్‌పాత్ దాకా

స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ దగ్గర కిల్‌బోవీలో సింగర్ 1880ల మధ్యలో ఒక మహా కార్ఖానా తెరిచింది. 1913లో ఆ ఒక్క చోటు నుంచి 13 లక్షలకు పైగా మిషన్లు బయటికి వెళ్లాయి. మిషన్ పేరులో నంబర్ తర్వాత వచ్చే అక్షరం పుట్టిన ఊరిని చెబుతుంది. "కె" అంటే కిల్‌బోవీ. "డబ్ల్యూ" అంటే వీలర్ అండ్ విల్సన్ కంపెనీని సింగర్ కొన్నాక కలిసొచ్చిన అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ కార్ఖానా. "జి" అంటే జర్మనీ. మిషన్ మీద కొట్టిన సీరియల్ నంబర్ ముందు ఉండే అక్షరాలని బట్టి ఏ సంవత్సరంలో తయారైందో కూడా పట్టుకోవచ్చు. పాత మిషన్ కొనేవాడికి మొదటి సబఖ్ అదే: రంగు చూడకు, నంబర్ చదువు.

అక్కడ పుట్టినవాటిలో ఒకటి మోచీల ప్యారీ మిషన్ అయింది: సింగర్ 29కె. ప్యాచింగ్ మిషన్ అంటారు. మామూలు మిషన్‌లో గుడ్డని కింద ఉన్న పళ్లు నడిపిస్తాయి. ఇందులో కింద పళ్లే లేవు. పైన నొక్కే పాదమే తోలుని పట్టి ముందుకి లాగుతుంది. పైగా ఆ తల మొత్తం చుట్టూ తిరుగుతుంది. బూటుని తిప్పాల్సిన పనిలేదు, ఎటు కావాలంటే అటు పాదాన్ని తిప్పుకుని కుట్టుకోవచ్చు. కింద సన్నటి చేయి ఉంటుంది, బూటు మునివేళ్ల దాకా లోపలికి దూరుతుంది. కురచ చేయిది, పొడవు చేయిది రెండు రకాలొచ్చాయి. కరెంటు అక్కర్లేదు. కాలితో తొక్కొచ్చు, పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పొచ్చు. చెట్టు కింద, బస్టాండ్ పక్కన, ఎక్కడ పెట్టినా అదే దుకాణం.

హిందుస్తాన్‌లో సింగర్ వ్యాపారాన్ని 1870ల నుంచి చాలాకాలం నడిపింది నుస్సెర్వాన్‌జీ మేర్వాన్‌జీ పటేల్ అనే పార్సీ. ఎక్కువగా దర్జీలకీ, ఇళ్లకీ అమ్మారు. తోలు పని పెద్దగా పెరిగింది ఫౌజు చుట్టూ. 1857 తర్వాత కాన్పూర్‌లో సర్కారు జీన్లు, గుర్రపు సామాన్ల కార్ఖానా పెట్టింది. 1880ల్లో కూపర్ అలెన్ కంపెనీ బూట్లు మొదలుపెట్టింది. యంత్రాల మీద తోలు కుట్టడం అక్కడ వేల చేతులకి అలవాటైంది. గాంధీజీ కూడా 1924లో యంత్రాల మీద తన అభ్యంతరాలు చెబుతూనే సింగర్ మిషన్‌కి మినహాయింపు ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట ఇన్సాఫ్‌గా చెప్పుకోవాలి. తోలు పని హునర్ మొత్తం మనదే అనుకోకూడదు. మన తెలుగు నేల మీద తరతరాలుగా చర్మం శుద్ధి చేసింది, చెప్పులు కుట్టింది ఎక్కువగా మాదిగలు. ఉత్తరాదిన జాటవులు, మోచీలు. ముస్లింలు కొన్నిచోట్ల తోళ్ల తిజారత్‌లో ఉన్నారు. అంబూరు, వాణియంబాడి, కాన్పూర్ జాజ్‌మవూ అలాంటివే. కొన్నిచోట్ల కారీగర్లుగా ఉన్నారు. ఈ పనిని ముట్టుకున్నందుకే మనుషుల్ని దూరం పెట్టిన సమాజం, ఆ మనుషులు కుట్టిన బూట్లు మాత్రం ఇష్టంగా తొడుక్కుంది. ఆ ఫుట్‌పాత్ మీది 29కె పక్కన కూర్చున్న మనిషికి దక్కని ఇజ్జత్ కూడా ఈ తారీఖ్‌లో భాగమే.

ఐబ్ చెప్పి అమ్మాలి

పాత మిషన్ సౌదా అంటే సగం మిషన్ తెలియడం, సగం మనిషి తెలియడం. హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గర గురువారం నాడు సాగే జుమ్మేరాత్ బజార్ లాంటి చోట, కొత్తగా రంగేసిన మిషన్ చూసి మురిసిపోయేవాడు నష్టపోతాడు. రంగు కింద ఏముందో అడిగేవాడు బాగుపడతాడు.

మన ఫిఖ్‌లో దీనికి ఒక మాట ఉంది: ఖియార్-ఎ-ఐబ్. అమ్మేవాడు సరుకులో ఐబ్ దాచి అమ్మితే, అది బయటపడ్డాక వాపస్ ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది. ఐబ్ ముందే చూపించి, కొనేవాడు రాజీ అయితే ఆ తకరార్ లేదు. పాత ఇనుము బజారుకి ఇంతకంటే పనికొచ్చే ఉసూల్ ఇంకొకటి లేదు. అరిగిపోవడం ఐబ్ అని దాక్కోవాల్సిన పనిలేదు, అరిగింది అని చెప్పకపోవడమే ఐబ్.

అమ్మేవాడు చెప్పకపోయినా మిషన్ చెబుతుంది. వినడం తెలియాలి.

చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఒకేలా తిరగాలి. ఒకచోట బరువై, ఒకచోట జారితే లోపల ఏదో వంగింది లేదా ఎండిన నూనె పట్టుకుంది. చక్రాన్ని అటూ ఇటూ కదిపి చూడండి, సూది కదలకుండా చక్రం ఎంత కదిలితే అంత అరుగుదల ఉన్నట్టు.

29కెలో కుట్టు పొడవు చూడటం ముఖ్యం. పాదాన్ని నడిపే మీటలు, కీళ్లు అరిగేకొద్దీ కుట్టు చిన్నదైపోతుంది. పొడవు మరని చివరిదాకా పెట్టినా కుట్లు దగ్గర దగ్గరగానే పడుతుంటే, ఆ మిషన్ బాగా పనిచేసి అలసిపోయిందని అర్థం. పాదాన్ని నాలుగు దిక్కులకీ తిప్పి కుట్టి చూడాలి. ఒక దిక్కున బాగా నడిచి ఇంకో దిక్కున తడబడేవి చాలా ఉంటాయి. చేయి లోపల షటిల్‌ని నడిపే పళ్ల పట్టీ, చిన్న పళ్ల చక్రాలు అరిగితే షటిల్ ఆలస్యంగా వస్తుంది, కుట్టు తప్పుతుంది. చివరగా బాబిన్, షటిల్, సూది పలక ఉన్నాయో లేదో చూడాలి. చిన్న పుర్జా కోసం నెలల తరబడి తిరిగినవాళ్లు ప్రతి బజారులోనూ ఉన్నారు.

పరీక్షకి మీ తోలు, మీ దారం మీరే తీసుకెళ్లాలి. దుకాణదారు ఇచ్చే మెత్తటి గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది.

ఉస్తాద్ చెవి

మరమ్మత్ అంటే ముందు శుభ్రం. పాత నూనె గట్టిపడి జిగురవుతుంది. కిరసనాయిలు వేసి, ఓపికగా తిప్పుతూ, తుడుస్తూ, మళ్లీ వేస్తూ ఒకటి రెండు రోజులు పెడితే, చనిపోయిందనుకున్న మిషన్లు ఎన్నో లేచి కూర్చుంటాయి. సుత్తి పట్టుకునేది షాగిర్ద్, ఆగమనేది ఉస్తాద్. పోత ఇనుము వంగదు, పగులుతుంది.

తర్వాత సూది. తోలు కుట్టే సూది మొన గుండ్రంగా ఉండదు, చిన్న కత్తిలా ఉంటుంది. గుడ్డ సూది తోలుని చీల్చుకుంటూ తోస్తుంది, తోలు సూది కోసుకుంటూ వెళ్తుంది. సూది మీద 110 అని ఉంటే దాని మందం 1.1 మిల్లీమీటర్లు, 140 అంటే 1.4. దారం లావుగా ఉండి సూది సన్నమైతే దారం చిరుగుతుంది, సూది లావై దారం సన్నమైతే ముడి చిల్లులో కూర్చోదు. మిషన్ చెడిపోయిందని మోసుకొచ్చినవాటిలో చాలావాటికి రోగం సూదిదే: తప్పు రకం, లేదా తిరగేసి పెట్టినది.

అప్పుడు టైమింగ్. సూది అడుగుదాకా దిగి కొద్దిగా పైకి లేచినప్పుడు దారం చిన్న ఉచ్చులా నిలుస్తుంది. సరిగ్గా ఆ లమ్హాలో షటిల్ కొన వచ్చి ఆ ఉచ్చుని అందుకోవాలి. కొంచెం ముందైనా, వెనకైనా కుట్టు లేదు. పుస్తకంలో కొలతలుంటాయి. ఉస్తాద్‌కి మాత్రం చప్పుడు చాలు.

పుర్జా దొరకకపోతే మూడు దారులు. లేత్ మీద కొత్త బుష్ చేయించడం. అరిగినచోట ఇత్తడి వెల్డింగ్ పోసి మళ్లీ అరగదీయడం. లేదా రెండు చచ్చిన మిషన్లతో ఒక బతికిన మిషన్ చేయడం. ఒక మిషన్ పుర్జా అదే మోడల్ ఇంకో మిషన్‌కి అచ్చంగా సరిపోయేలా కార్ఖానాలు చేయడం నేర్చుకున్నాయి కాబట్టే ఇది సాధ్యం. పాతదాన్ని విరగ్గొట్టాలనుకున్న కంపెనీయే పాతదాన్ని బతికించే ఉపాయాన్ని కూడా దాని ఒంట్లోనే పెట్టి పంపింది.

కొత్త పాతవి

సంచులు, సోఫాలు, బండి సీట్లు కుట్టే పని పెరిగాక బజారులోకి వాకింగ్ ఫుట్ మిషన్లొచ్చాయి. సింగర్ 111డబ్ల్యూ దీనికి పెద్దదిక్కు. ఇందులో సూది, పాదం, కింద పళ్లు మూడూ కలిసి నడుస్తాయి, అందుకని తోలు పొరలు ఒకదాని మీద ఒకటి జారవు. ప్ఫాఫ్, అడ్లర్, జూకీ కంపెనీల మిషన్లలోనూ ఈ తరహావి వచ్చాయి. జూకీ 1938లో టోక్యోలో తుపాకుల తయారీకి పుట్టి, రెండో జంగ్ ముగిశాక కుట్టు మిషన్లకి మళ్లింది. కార్ఖానాలు కొత్త మిషన్లు పెట్టుకుని ఇవి తీసేసినప్పుడు చిన్న దుకాణాల చేతికొస్తాయి.

వీటితో ఒక చిక్కు మోటార్. పాత క్లచ్ మోటార్ స్విచ్ వేస్తే చాలు, కుట్టినా కుట్టకపోయినా నిమిషానికి 1,425 లేదా 2,850 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. కరెంట్ తాగుతుంది, కొత్తవాడికి వేగం అదుపులో ఉండదు, తోలు మీద ఒక్క క్షణం ఆలస్యమైనా పది చిల్లులు. తల బాగుండి మోటార్ ఇలాంటిదైతే భయపడక్కర్లేదు, సర్వో మోటార్ మార్చుకోవచ్చు. అది తొక్కినప్పుడే తిరుగుతుంది, మెల్లగా కూడా నడుస్తుంది. త్రీ ఫేజ్ మోటార్‌తో ఉన్న మిషన్‌ని ఇంటి కరెంట్ మీద నడపాలనుకునేవాళ్లు ధర మాట్లాడేముందే ఆ ఖర్చు లెక్కేసుకోవాలి.

ఇప్పుడు 29కె తరహాలో చైనా నుంచి చేత్తో తిప్పే ప్యాచింగ్ మిషన్లు చవకగా వస్తున్నాయి. పోత గరుకుగా ఉంటుంది, అంచులు దారాన్ని కోస్తాయి. ఓపిక ఉన్నవాళ్లు సాన్‌పేపర్ పట్టి, కీళ్లు సరిచేసి, వాటితోనూ రోజీ తీస్తున్నారు. అక్కడా పని చేసేది మరమ్మత్ హునరే.

ఏది విరాసత్?

కిల్‌బోవీ కార్ఖానా మీది పెద్ద గడియారం స్తంభాన్ని 1963లో కూల్చేశారు. 1980లో కార్ఖానా మూతపడింది. అక్కడి రైల్వే స్టేషన్‌కి "సింగర్" అనే పేరు మాత్రం మిగిలింది. కానీ అక్కడ పుట్టిన మిషన్లు ఇంకా మన ఫుట్‌పాత్‌ల మీద, ధారావీ గదుల్లో, పాతబస్తీ గల్లీల్లో కుడుతున్నాయి. కన్న కార్ఖానా పోయినా బిడ్డలు మెహనత్ చేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ముప్పు ఇనుముకి కాదు, ఇల్మ్‌కి. షటిల్ చప్పుడు విని రోగం చెప్పే ఉస్తాద్‌లు ముసలివాళ్లయ్యారు. వాళ్ల కొడుకులు వేరే పనుల్లోకి వెళ్లారు, అందులో తప్పేమీ లేదు. ఆ ఇల్మ్ ఏ కితాబులోనూ పూర్తిగా లేదు, చేతి నుంచి చేతికి వచ్చింది. ఒక తరం తీసుకోకపోతే అక్కడితో ఖతం. అప్పుడు మంచి మిషన్ కూడా కిలోల లెక్కన ఇనుమే.

అందుకని మీ ఇంట్లో దాదా వాడిన మిషన్ ఏదైనా మూలన దుమ్ము పట్టి ఉంటే, కబాడీవాలాని పిలిచేముందు దాని నంబర్ చదవండి. చక్రం తిప్పి చూడండి. నూనె వేసి రెండు రోజులు ఆగండి. మీకు అక్కర్లేకపోతే పని నేర్చుకునే ఏ కుర్రాడికో, ఇంట్లో కూర్చుని సంచులు కుట్టుకునే ఏ బెహన్‌కో, ఐబ్ ఉంటే ఉన్నదున్నట్టు చెప్పి, అందుబాటు ధరకి ఇవ్వండి. మీ గల్లీలో మిషన్ల మిస్త్రీ ఉంటే ఒక సాయంత్రం పక్కన కూర్చుని, ఆయన చేతులేం చేస్తున్నాయో ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. కుట్టేవాడు, బాగుచేసేవాడు ఇద్దరూ ఉన్నన్నాళ్లే దాన్ని మిషన్ అనగలం.